నెల్లూరు మట్టికోట

నెల్లూరు మట్టికోట పెన్నా నది దక్షిణపు గట్టున ఒకప్పుడు ఊరిని చుట్టి ఉన్న దుర్గం. దాని గురించి తెలిసిన వివరాల్లో ఎక్కువ భాగం కోటను కట్టినవారివి కావు, కొట్టడానికి వచ్చినవారివి. ఈస్టిండియా కంపెనీ యుద్ధాల చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ లెక్క ప్రకారం కోట తూర్పు పడమరలుగా సుమారు 1,200 గజాలు, రెండో వైపు 600 గజాలు. గోడలన్నీ మట్టివే, సింహద్వారం, కొన్ని బురుజులు మాత్రం రాతివి. ఉత్తరాన పెన్నా ఇసుక.

మట్టిగోడంటే చులకన చేయనక్కర్లేదు. తెలుగు పల్లెల్లో మట్టిని నానబెట్టి, కాళ్లతో తొక్కి, గడ్డి కలిపి, ఒక వరస ఆరాకే పై వరస పెట్టేవారు. అలా లేచిన మందపాటి గోడలో ఫిరంగి గుండు దిగబడిపోతుంది. రాతిగోడలా పెచ్చులై ఎగరదు.

1757లో ఈ కోటకు పరీక్ష ఎదురైంది. ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ తమ్ముడు నజీబుల్లాఖాన్ అప్పట్లో నెల్లూరు పాలకుడు. అన్న మీద తిరగబడ్డాడు. నవాబుకు అండగా కంపెనీ కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్‌ను పంపింది. మే మొదటి వారంలో ఫిరంగులతో గోడకు గండి కొట్టి దాడికి దిగినా, లోపలివాళ్లు గండి దగ్గరే నిలబడి తిప్పికొట్టారు. ఇంతలో ఫ్రెంచివారు తిరుచిరాపల్లి మీదికి వెళ్లడంతో మద్రాసు నుంచి ఫోర్డ్‌కు వెనక్కి రమ్మని కబురొచ్చింది. మరుసటి ఏడు చందుర్తిలో ఫ్రెంచివారిని ఓడించిందీ, 1759లో మచిలీపట్నం కోట పట్టిందీ ఈ ఫోర్డే. నెల్లూరు మట్టి మాత్రం అతనికి లొంగలేదు.

1801లో ఆర్కాటు నవాబుల కర్ణాటక రాజ్యంతోపాటు నెల్లూరు కూడా కంపెనీ పాలనలోకి వెళ్లింది. ఇక గోడల అవసరం తీరింది. మట్టి కట్టడమైనంత మాత్రాన కూలిపోవాలని లేదు. మొరాకోలో బెర్బర్లు మట్టితో కట్టిన కోటగ్రామం అయిత్ బెన్‌హద్దూ ఇప్పటికీ నిలిచి ఉంది. 1987లో యునెస్కో వారసత్వ జాబితాలోనూ చేరింది. అక్కడ వాన తక్కువ, పైగా ఏటా మట్టి మెత్తేవాళ్లున్నారు. నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, తుపాన్లు. పూత ఆగిన మట్టిగోడ వాటికి ఎన్నాళ్లు ఆగుతుంది?

చూడవచ్చినవారికి నగరంలో కోటమిట్ట అన్న పేట ఎదురవుతుంది గానీ గోడ కనిపించదు. శిథిలాలే చూడాలంటే జిల్లా పడమటి కొసన, దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని ఉదయగిరి ఎక్కాలి. అది రాతికోట. గజపతుల చేతిలోని ఆ దుర్గాన్ని 1513లో ముట్టడించిన శ్రీకృష్ణదేవరాయలు మరుసటి ఏడు గాని పట్టుకోలేకపోయాడు.