పరదేశి స్త్రీ కుమార్తె భూమి

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమును గూర్చి విననివారు మన సంఘములలో అరుదు. మన పల్లెల పిల్లలు ఎందరో అక్కడ చదివి ఉపాధ్యాయులుగను, ఉద్యోగులుగను తిరిగి వచ్చిరి. అది 1918లో ప్రారంభమైనది. గులాబిరంగు రాతితో కట్టిన ఆర్ట్సు కాలేజీ భవనమును 1939లో తెరచిరి. దాని ప్రక్కనే తార్నాక. "తార్" అనగా తీగ, "నాకా" అనగా కాపలా చోటు, పూర్వము అక్కడ తీగకంచె యుండుటచే ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ కంచె ఇప్పుడు లేదు. అయితే అక్కడి నేల ఒకప్పుడు ఎవరి చేతిలో నుండెనో అడిగినవారు కొద్దిమందియే.

ఆ ప్రాంతమునకు అడిక్‌మెట్ అని పేరు. నిజాముల కాలములో అది ఒక స్త్రీకి జాగీరుగా నుండెను. ఆమె మాహ్ లఖా బాయి చందా. 1768లో పుట్టి 1824లో చనిపోయినది. ఆమె ఉర్దూలో కవిత్వము చెప్పినది, ఆ కవితలు 1798లో ఒక సంపుటముగా కూర్చబడినవి. ఉర్దూలో దివాను గల తొలి స్త్రీలలో ఆమెను లెక్కింతురు. ఆమె కొలువులో ఆడి పాడు వృత్తి గలది. ఈ మాట విని పుస్తకము మూయవద్దని చదువరులను వేడుకొనుచున్నాను. ఆమె ఆ వృత్తిలోనికి వచ్చిన త్రోవయే నేను చెప్పదలచిన సంగతి.

ఆమె అమ్మమ్మ గుజరాతు దేశపు స్త్రీ. భర్త సర్కారు ఉద్యోగి. లెక్కలలో చిక్కు వచ్చి భార్యను, పిల్లలను విడిచి పారిపోయెను. దిక్కులేని ఆ తల్లి బిడ్డలతో ఊరు విడిచి, ఊరూర ఆడి పాడు ఒక జట్టును ఆశ్రయించినది. ఆ జట్టుతో కూతుళ్లు ఆట పాట నేర్చిరి. బుర్హాన్‌పూరు, ఔరంగాబాదు మీదుగా, నిజాము పరివారము వెంట వారు దక్కనునకు వచ్చిరి. వారిలో రాజ్‌కున్వర్ బాయి అను ఆమె మాహ్ లఖాకు తల్లి. అనగా మన హైదరాబాదునకు ఆ కుటుంబము ఆకలిచేత వచ్చిన కుటుంబము. వారిది పరాయి భాష, పరాయి ఊరు, మగదిక్కు లేదు. అట్టి స్త్రీని మన ఊళ్లలో నేటికిని ఏమందురో మీకు తెలియును.

కుమార్తె గొప్పదైన తరువాత ఈ కథను దాచిపెట్టలేదు. ఇదే నాకు మిక్కిలి ఆశ్చర్యము. ధనము కలిగినవారు సాధారణముగా తమ వంశమును రాజుల వరకు తీసికొనిపోవుదురు. ఈమె గులాం హుసేన్ ఖాన్ జౌహర్ అను పండితునిచేత "మాహ్‌నామా" అను చరిత్ర వ్రాయించినది. తన అమ్మమ్మ పడిన పాట్లు అందులో చేరినవి. మౌలాలీ కొండ క్రింద తల్లికి సమాధి కట్టించి, తానును కడపట అక్కడనే పండుకొన్నది. ఆ స్థలము పాడుపడియుండగా, మన కాలములో, 2010 ప్రాంతమున, అమెరికా రాయబారి నిధి సాయముతో బాగుచేసిరి. తార్నాకలోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయపు ఆవరణలో ఆమె పేరుతో పిలువబడు మెట్లబావి యొకటి ఉన్నది, దానిని కూడ ఇటీవల పూడిక తీసి బాగుచేసిరి. ఆమె ఆడపిల్లలను చేరదీసి విద్య చెప్పించినదనియు, ఆమె ఆస్తిలో కొంత నిలువ నీడలేని స్త్రీలకు పంచిరనియు చెప్పుదురు.

మత్తయి సువార్త మొదటి అధ్యాయమును మనము తరచు వేగముగా చదివి దాటిపోవుదుము. ఆ వంశావళిలో పేర్కొనబడిన కొద్దిమంది స్త్రీలలో రాహాబు యెరికో పట్టణపు వేశ్య, రూతు మోయాబు నుండి వచ్చి పరాయి పొలములో పరిగె యేరుకొన్నది. వారి పేర్లను తీసివేయుట సువార్తికునికి కష్టము కాదు. ఆయన తీసివేయలేదు.

మాహ్ లఖా పేరు చాలకాలము పండితుల మధ్యనే ఉండెను. ఇతర దేశములలోని సామాన్య చదువరులకు ఆమెను చూపినవారిలో ఆ నేలమీదనే పనిచేసిన స్త్రీలు ఉండుట విశేషము. 1974లో ఉస్మానియా విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘము స్థాపించి, కట్నమును గూర్చి, వీధులలో ఆడపిల్లలను అల్లరిపెట్టుటను గూర్చి ఊరేగింపులు చేసిరి. వారిలో కె. లలిత ఒకరు. 1978లో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన ఏర్పడినది. ఉస్మానియాలో రాజనీతి బోధించిన రమా మేల్కోటే, తార్నాకలోని పోషకాహార సంస్థలో వైద్యురాలు వీణా శత్రుఘ్న, అక్కడి ఇంగ్లీషు సంస్థలో బోధించిన సూసీ తారు దానిలో నుండిరి. సూసీ తారు, లలిత కలిసి సంపాదించిన భారతదేశ స్త్రీల రచనల మొదటి సంపుటము 1991లో న్యూయార్కులో అచ్చయ్యెను. అందులో మాహ్ లఖా ఉన్నది.

దానికి ముందే వారు మరియొక పని చేసిరి. 1946 మొదలు 1951 వరకు జరిగిన తెలంగాణ రైతుల పోరాటములో పాల్గొన్న స్త్రీలయొద్దకు పోయి, వారి నోటిమాటలను రికార్డు చేసి, 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అను పేరుతో ప్రచురించిరి. తన పంటను దేశముఖు ఎత్తుకొనిపోకుండ నిలిచిన పాలకుర్తి చాకలి ఐలమ్మ మాటలు అందులో ఉన్నవి. ఆమె 1985లోనే కన్నుమూసినది. ఇంకను ఆలస్యమైయుంటే ఆమె నోటినుండి ఏమియు దొరకకపోవును. 2024లో తెలంగాణ ప్రభుత్వము కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టినది. బట్టలుతికిన చేతుల పేరు చదువుల గుడికి పెట్టుట మంచిదే. అయితే పేరు పెట్టుటకు ముందు ఎవరో ఒకరు ఆమె యెదుట కూర్చుండి వినవలసి వచ్చెను.

1978 సంగతి విడిచిపెట్టుటకు వీలులేదు. ఆ మార్చి నెలలో, కర్నూలు జిల్లానుండి వచ్చిన ఒక పేద ముస్లిము స్త్రీని, విశ్వవిద్యాలయమునకు సమీపముననున్న నల్లకుంట పోలీసు ఠాణాలో చెరిచిరి. అడ్డుపడిన భర్తను కొట్టిరి, అతడు మరణించెను. నగరము మండిపోయినది. ఆమె పేరు అప్పటి పత్రికలన్నిటిలో పడినది, నేను మరల వ్రాయను. హైకోర్టు న్యాయమూర్తి ముక్తదర్ విచారణ జరిపి పోలీసులదే దోషమని తేల్చెను. కాని ఆ విచారణలో పోలీసుల తరపువారు చేసిన వాదము ఏమిటి? ఆమె చెడు నడత గలదని. పెళ్లి నిజమైనది కాదని. ఆమెకు ఆ ఊరిలో తన నడతను గూర్చి సాక్ష్యమిచ్చు ఇరుగుపొరుగు లేదు. కేసు కర్ణాటకలోని రాయచూరునకు మారి, 1981లో నిందితులు విడుదలైరి. ఇటువంటి కేసులపై దేశమంతట స్త్రీలు మొరపెట్టిన ఫలితముగా 1983లో చట్టము మారినది. పోలీసు నిర్బంధములో జరిగిన అత్యాచారమునకు ప్రత్యేక శిక్ష ఏర్పడినది. స్త్రీ తాను సమ్మతింపలేదని కోర్టులో చెప్పినప్పుడు, అట్టి కేసులలో ఆ మాటనే మొదట నమ్మవలెనని సాక్ష్యచట్టములో చేర్చిరి.

దిక్కులేక ఊరు దాటిన స్త్రీమీద మొదట విసరబడు రాయి ఆ ఒక్క మాటయే. గుజరాతు విడిచిన అమ్మమ్మకు అదే, నల్లకుంటలో ఆ యువతికి అదే. ఇప్పుడు కువైటునకు పోయిన మన అక్కచెల్లెండ్రకును అదే. కడప ప్రాంతమునుండియు, గోదావరి జిల్లాలనుండియు ఇంటిపనికై గల్ఫుదేశములకు పోయిన స్త్రీలు లేని సంఘము ఆ ప్రాంతములలో తక్కువ. వారు పంపిన డబ్బుతో పెంకుటిండ్లు డాబాలైనవి, తమ్ముళ్లు చదివిరి, కొన్ని ఆలయములకు పైకప్పు కూడ పడినది. తిరిగి వచ్చిన తరువాత వారిని గూర్చి బావియొద్ద జరుగు గుసగుసలు మాత్రము ఆగలేదు. అట్లు వచ్చిన ఒక అమ్మ నాతో అన్నది: "అయ్యగారూ, ఎంత తెచ్చావని అందరూ అడిగారు గాని, అక్కడ ఎట్లా ఉన్నావే అని ఒక్కరూ అడగలేదండీ." ఆమె చెప్పుకొన్నదానిలో జీతము లేని నెలలు ఉన్నవి, దాచివేసిన పాస్‌పోర్టు ఉన్నది.

వారికి హక్కులు లేవనుకొనవద్దు. కువైటు 2015లో చేసిన 68వ చట్టము ప్రకారము ఇంటిపనివారి పని దినమునకు 12 గంటలు మించరాదు, వారమునకు ఒక దినము సెలవు ఇయ్యవలెను, సమ్మతి లేక పాస్‌పోర్టు ఉంచుకొనరాదు. మన ప్రభుత్వము 30 ఏండ్లు నిండని స్త్రీని ఇంటిపనికై ఆ దేశములకు పంపుటకు అనుమతి ఇయ్యదు. ఈ నిబంధన కాపాడుటకు పెట్టినదే గాని, ఆకలి వయస్సు చూచి రాదు. అందువలన కొందరు సందర్శకుల వీసా మీద ఏజెంట్ల చేతిలో పడి పోవుచున్నారు, అట్టివారికి కాగితపు ఆధారము మరింత తక్కువ. అబద్ధపు వయస్సు వ్రాయించిన తండ్రులను నేను ఎరుగుదును.

కాబట్టి మీ సంఘమునుండి ఎవరైనను బయలుదేరునప్పుడు ప్రార్థన చేసి పంపుటతో సరిపెట్టక, స్త్రీల సమాజములో ఒక లెక్కపుస్తకము పెట్టుడి. ఆమె పాస్‌పోర్టు, వీసా నకళ్లు, పని ఇచ్చువారి చిరునామా, ఏజెంటు పేరు అందులో ఉంచుడి. ఏజెంటునకు లైసెన్సు ఉన్నదో లేదో హైదరాబాదులోని ప్రవాసుల రక్షణాధికారి కార్యాలయములో కనుగొనవచ్చును. ఆమె జీతము భర్త పేరనో అన్న పేరనో కాక ఆమె సొంత బ్యాంకు ఖాతాలో పడునట్లు పోకముందే ఏర్పాటు చేయుడి. నెలకొకసారి ఆమెతో ఫోనులో మాటలాడు బాధ్యత ఒక అక్కకు అప్పగించుడి. తిరిగి వచ్చిన వారములోనే ఇద్దరు పెద్ద స్త్రీలు ఆమె ఇంటికి వెళ్లి, తెచ్చిన సామాను సంగతి ఎత్తక, ఆమె చెప్పినంతసేపు కూర్చుండవలెను. ఆమె ఒప్పుకొన్నయెడల ఆ మాటలను అదే పుస్తకములో వ్రాసి ఉంచుడి.