జుట్టున్న గాయకుడు

ఆ మధ్య ఒక రాత్రి ఆఫీసు నుంచి ఆలస్యంగా బయటపడి టాక్సీ ఎక్కాను. డ్రైవర్ అరవై దాటిన మలయ్ పెద్దాయన. కారులో ఎవరిదో బొంగురు గొంతు పాడుతోంది. ఎవరని అడిగితే, "రమ్లీ సారిప్ తెలీదా? స్వీట్ చారిటీ!" అని, బట్టతల తడుముకుంటూ "నాకూ అంత జుట్టుండేది" అన్నాడు.

పాటకీ జుట్టుకీ ఏం సంబంధమా అని ఇంటికొచ్చి తవ్వితే పెద్ద కథే బయటపడింది.

1970ల్లో సింగపూర్ ప్రభుత్వానికి మగవాళ్ళ పొడుగు జుట్టంటే పడేది కాదు. హిప్పీ వేషం, మత్తుమందులు, బద్ధకం అన్నీ దాని వెంటే వస్తాయని భయం. కనుబొమల మీద పడినా, చెవులు కప్పినా, కాలర్ దిగినా తప్పే. అలాంటివాళ్ళ పని ఆఖర్నే చూస్తామని ప్రభుత్వాఫీసుల్లో పోస్టర్లు పెట్టారు. 1972లో లెడ్ జెపెలిన్ అంతటివాళ్ళు కూడా ఈ జుట్టు గొడవతో ఇక్కడ కచేరీ చెయ్యలేకపోయారు. 1974లో 8 వేలమందికి పైగా మగ ప్రభుత్వోద్యోగులకి హెచ్చరికలు అందాయి. కొందరికి ఉద్యోగాలే పోయాయి.

స్వీట్ చారిటీ పెరిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. మలయ్ కుర్రాళ్ళ రాక్ బృందం. మొదటి ఆల్బం 1979లో వచ్చింది. మరుసటేడు రెండోది, 'పెలారియన్'. మలయ్‌లో ఆ మాటకి పారిపోయినవాడు, కాందిశీకుడు అని అర్థం. అటు మలేషియాలోనూ ఇటు సింగపూర్‌లోనూ జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1980ల్లో మలేషియాని ఊపేసిన రాక్ కెరటానికి దారి వేసింది వీళ్ళే అంటారు.

తమాషా ఏంటంటే, స్వీట్ చారిటీ అనగానే అందరికీ గుర్తొచ్చే 'కమేలియా' ప్రేమపాట. అందులో నినాదాలేం లేవు. అయినా జుట్టు మూలంగా రమ్లీ సొంత ఊరి టీవీలో కనిపించడానికి వీల్లేకపోయింది. రాజకీయం పాటలో లేకపోతే ఏం, గాయకుడి నెత్తిమీదుంది! ఆయన అటు మలేషియాలోనే ఎక్కువ పేరు తెచ్చుకున్నాడు. అక్కడా జుట్టుకి సుఖం లేదు లెండి. 1992లో అక్కడి మంత్రిగారు రాక్ గాయకుల జుట్టు అందరిముందూ కత్తిరించారు.

మా నాన్నగారి కాలేజీ ఫోటో ఒకటుంది. చెవులు కనపడవు. తాతయ్య తిట్టాడు, అమ్మమ్మ వెనకేసుకొచ్చింది, ఉద్యోగం రాగానే నాన్నగారే మంగలి దగ్గరకెళ్ళారు. అంతటితో అయిపోయింది. ఇంట్లో తీరే తగాదాని ఇక్కడ దేశం తలకెత్తుకుంది.

అలాగని నవ్వి ఊరుకోలేను. అర్ధరాత్రి మా ఆవిడ ఒంటరిగా బస్సు దిగి నిశ్చింతగా ఇంటికొస్తోందంటే అదీ ఈ క్రమశిక్షణ పుణ్యమే. ఏది అవసరమైన కట్టుబాటో, ఏది ఉత్త భయమో ఆ రోజుల్లో ఎవరు తేల్చాలి? తేల్చేలోగా ఒక కళాకారుడి వయసు గడిచిపోతుంది కదా!

కథకి ముగింపు మాత్రం బావుంది. సింగపూర్ జాతీయగీతం 'మజులా సింగపూరా' మలయ్‌లోనే ఉంటుంది. 2020లో దానికి కొత్తగా ఒక నెమ్మదైన రూపం అధికారికంగా విడుదలైంది. మరీ సాగదీశారని కొందరు విసుక్కున్నారు, కొందరికి కళ్ళు చెమర్చాయి. పాడింది రమ్లీ సారిప్.

అన్నట్టు, జుట్టు ఇంకా పొడుగ్గానే ఉంది.