“మీరు ఎక్కడున్నారండీ?” : ఎమర్జెన్సీ కాల్ వెనక ఉన్న చరిత్ర

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. బిర్యానీ ఆర్డర్ పెడితే డెలివరీ అబ్బాయి మ్యాప్ చూసుకుంటూ గుమ్మం దాకా వచ్చేస్తాడు. అదే ఫోన్‌తో అంబులెన్స్‌కి కాల్ చేస్తే మాత్రం “మీరు ఎక్కడున్నారండీ? దగ్గర్లో ల్యాండ్‌మార్క్ ఏంటి?” అని అడుగుతారు. ఎందుకలా? దీనికి జవాబు కావాలంటే దాదాపు 90 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1935 నవంబర్ 10, లండన్. వింపోల్ స్ట్రీట్‌లో ఒక డాక్టర్ ఇంట్లో మంటలు లేచాయి. పక్కింటాయన ఫైర్ ఇంజన్ కోసం ఫోన్ చేస్తే, ఎక్స్ఛేంజ్‌లో ఆ కాల్ మామూలు కాల్స్ క్యూలో ఇరుక్కుపోయింది. ఆ మంటల్లో 5 మంది ఆడవాళ్లు చనిపోయారు. ఆయన కడుపు మండి టైమ్స్ పత్రికకి ఉత్తరం రాశాడు. పెద్ద చర్చ జరిగింది, కమిటీ వేశారు. 1937 జూన్ 30న లండన్‌లో 999 మొదలైంది. ఆ నంబర్‌కి కాల్ రాగానే ఎక్స్ఛేంజ్‌లో ఎర్ర లైటు వెలిగేది, బజర్ మోగేది. ఆపరేటర్ మిగతా పని పక్కన పెట్టి ముందు ఆ కాల్ ఎత్తాలి.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1968 జనవరిలో ఏటీ అండ్ టీ అనే పెద్ద టెలిఫోన్ కంపెనీ 911 నంబర్‌ని ప్రకటించింది. కానీ దాన్ని మొదట పని చేయించింది ఆ కంపెనీ కాదు. అలబామా రాష్ట్రంలో హేలీవిల్ అనే చిన్న ఊళ్లో ఒక లోకల్ టెలిఫోన్ కంపెనీ చకచకా పని కానిచ్చి, ఫిబ్రవరి 16న మొదటి 911 కాల్ కలిపేసింది!

ఆ తర్వాత అక్కడి ఇంజనీర్లు ఇంకో మంచి పని చేశారు. ల్యాండ్‌లైన్ ఫోన్ గోడకి కట్టేసి ఉంటుంది కదా. అంటే నంబర్ తెలిస్తే ఇల్లు తెలిసినట్టే. ఏ నంబర్‌కి ఏ అడ్రస్, ఆ అడ్రస్‌కి ఏ కంట్రోల్ రూమ్ అని ఒక పెద్ద పట్టిక తయారు చేసుకున్నారు. కాల్ దానంతటదే సరైన చోటికి వెళ్లేది, స్క్రీన్ మీద అడ్రస్ కనబడేది. మాట పడిపోయిన మనిషి రిసీవర్ ఎత్తి 911 తిప్పగలిగితే చాలు, పోలీసులు ఇంటికి వచ్చేవాళ్లు.

ఈ ఏర్పాటంతా ఒక్క నమ్మకం మీద నిలబడింది: ఫోన్ కదలదు అని. సెల్‌ఫోన్ వచ్చి ఆ నమ్మకాన్ని పడగొట్టింది. కంట్రోల్ రూమ్‌కి తెలిసేది మీరు ఏ టవర్ కింద ఉన్నారనేదే. ఒక టవర్ కొన్ని కిలోమీటర్ల దాకా సిగ్నల్ ఇవ్వగలదు. మీరు జిల్లా సరిహద్దులో ఉంటే, టవర్ అవతలి జిల్లాది అయితే, కాల్ అవతలికే పోతుంది. వాళ్లు మళ్లీ ఇవతలికి ట్రాన్స్‌ఫర్ చేయాలి. గుండె ఆగిన మనిషికి ప్రతి నిమిషం ముఖ్యమే. అందుకే 1996లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, కాల్‌తో పాటు లొకేషన్ కూడా ఇవ్వాలని సెల్ కంపెనీలకు రూల్ పెట్టింది.

ఇంతలో ఇంటర్నెట్ ఫోన్లు వచ్చాయి. ఆ చిన్న డబ్బా బ్యాగులో పెట్టుకుని ఏ ఊరికైనా పట్టుకెళ్లొచ్చు, నంబర్ మాత్రం మారదు. కొన్ని సర్వీసుల్లో 911 కాల్ అసలు ఎమర్జెన్సీ లైన్‌కే వెళ్లేది కాదు. 2005లో ఎఫ్‌సీసీ వాటికీ 911 తప్పనిసరి చేసింది. కానీ అడ్రస్ మనమే నమోదు చేసుకోవాలి. ఇల్లు మారి అడ్రస్ మార్చకపోతే? అంబులెన్స్ పాత ఇంటికి వెళ్తుంది.

ఇక్కడే ఇంజనీర్లు ఆలోచనని తిరగేశారు. నంబర్ చూసి చోటు వెతకడం మానేద్దాం, ముందు చోటు తెలుసుకుని, దాన్ని బట్టి కాల్ ఎటు పంపాలో తేలుద్దాం అన్నారు. 2008లో ‘లాస్ట్’ అనే ప్రోటోకాల్ వచ్చింది. వెబ్‌సైట్ పేరు కొడితే ఇంటర్నెట్ దాని సర్వర్‌ని వెతికి పెడుతుంది కదా, ఇదీ దాదాపు అంతే. “ఈ అక్షాంశం, ఈ రేఖాంశం దగ్గర అంబులెన్స్ కావాలి, కాల్ ఎవరికి ఇవ్వాలి?” అని సిస్టమ్ అడుగుతుంది. ఫలానా కంట్రోల్ రూమ్‌కి అని జవాబొస్తుంది. నెక్స్ట్ జనరేషన్ 911 అంటున్నది దీన్నే. మాటతో పాటు మెసేజ్, ఫొటో, వీడియో కూడా వెళ్లే దారి ఇది. అయితే పాత ఎక్స్ఛేంజ్‌లు మార్చాలి, వేల కంట్రోల్ రూమ్‌లు మార్చాలి, డబ్బు ఎవరు పెట్టాలో తేలాలి. అందుకే టవర్‌ని బట్టి కాకుండా ఫోన్ ఉన్న చోటుని బట్టి కాల్ పంపాలని సెల్ కంపెనీలకు రూల్ రావడానికి 2024 పట్టింది.

బ్రిటన్ వాళ్లు ఇంకో దగ్గర దారి కనిపెట్టారు. ఎమర్జెన్సీ కాల్ చేయగానే ఫోన్ తనంతట తానే జీపీఎస్, వైఫై ఆన్ చేసుకుని, లొకేషన్‌ని ఒక ఎస్సెమ్మెస్‌లో పంపేస్తుంది. యాప్ అక్కర్లేదు. 2016లో గూగుల్ దీన్ని ఆండ్రాయిడ్‌లో పెట్టింది, 2018లో యాపిల్ కూడా ఐఫోన్‌లో పెట్టింది. కానీ ఒక మెలిక ఉంది. ఫోన్ పంపితే సరిపోదు, ఆ దేశం అందుకునే ఏర్పాటు చేసుకోవాలి. డెలివరీ యాప్‌కి, అంబులెన్స్‌కి తేడా ఇక్కడే ఉంది. యాప్ ఒకే కంపెనీది, రెండు చివరలూ దాని చేతిలోనే ఉంటాయి. ఎమర్జెన్సీ కాల్ ఒక చివర ఫోన్ కంపెనీది, మధ్యలో నెట్‌వర్క్‌ది, ఇంకో చివర ప్రభుత్వానిది.

మన దగ్గర సంగతి? 108 సర్వీసు పుట్టిందే హైదరాబాద్‌లో, 2005 ఆగస్టు 15న. తర్వాత ఎన్నో రాష్ట్రాలు దాన్ని తెచ్చుకున్నాయి. 2018 నవంబర్‌లో హిమాచల్ ప్రదేశ్‌తో 112 మొదలై, మన రెండు తెలుగు రాష్ట్రాలకీ వచ్చింది. దేశంలో అమ్మే ఫోన్లలో 2017 నుంచి పానిక్ బటన్, 2018 నుంచి జీపీఎస్ ఉండాలని కేంద్రం నిబంధన కూడా పెట్టింది.

నేను చెప్పేది ఒక్కటే. టెక్నాలజీ మీ చోటు కనుక్కుంటుందని పూర్తిగా నమ్ముకుని కూర్చోకండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంచండి. కాల్ కలవగానే ఏం జరిగిందో చెప్పేలోపే ఎక్కడున్నారో చెప్పండి: ఊరు, వీధి, గుడో బడో పెట్రోల్ బంకో, ఏదో ఒక గుర్తు. హైవే మీదైతే కిలోమీటరు రాయి మీద నంబర్ చదవండి. లైన్ మధ్యలో కట్ అయినా, చోటు తెలిస్తే బండి బయలుదేరుతుంది. ఈ మాట ఇవాళే ఇంట్లో అమ్మమ్మకీ, తాతయ్యకీ కూడా చెప్పండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.