తెరమీద చెదిరిన అక్షరాలు

ఇంటి సంగతులు రాసే ఈ చోట ఈసారి నా పని సంగతి. చదివింది కన్నడ మీడియం, తెలుగు రాత అవ్వ దగ్గర నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకోండి.

టెస్టింగ్ ఉద్యోగంలో చేరిన కొత్త. టెర్మినల్‌లో ఒక ప్రోగ్రాము నడుస్తా ఉంది, లైన్లు గబగబా పైకి పోతున్నాయి. అది ముగిసేలోపల, టెస్ట్ డేటాను తుడిచే కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కినాను. నా అక్షరాలు ఆ లైన్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పడినాయి. అంతలో గుర్తొచ్చింది, ఫలితాలు ఇంకా దాచుకోలేదని. కమాండ్ ఎట్లా చెదిరిపోయింది గదా, నడవదులే అనుకొని ఊరుకున్నాను. ప్రోగ్రాము ముగిసింది, వెంటనే ఆ కమాండ్ శుభ్రంగా నడిచింది. రెండు రోజుల డేటా పోయింది.

ఎందుకిట్లా అని వెతుకుతూ పోతే 1960ల టెలిటైప్ దాకా పోయినాను. 1963లో వచ్చిన మోడల్ 33లో తెర లేదు, కాగితమే. సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. చూడడానికి ఒకే యంత్రం గాని, అందులో కీబోర్డు వేరు, అచ్చుకొట్టే భాగం వేరు. రెండు వైపులా ఒకేసారి మాట పోయే లైనులో, మనం నొక్కిన అక్షరం ముందు కంప్యూటరుకు పోతుంది. కంప్యూటరు దాన్ని తిరిగి పంపితేనే కాగితం మీద పడుతుంది. దీన్నే ఎకో అంటారు.

మరి కంప్యూటరే ఏదో అచ్చుకొడుతున్నప్పుడు మనం టైపు చేస్తే? బీబీఎన్ వాళ్లు పీడీపీ-10 కోసం చేసిన టెనెక్స్ ఎకోను ఆపి పెట్టేది. ప్రోగ్రాము ఆ అక్షరాలను చదువుకున్నప్పుడే అవి కాగితం మీదికి వచ్చేవి. కాగితం చక్కగా ఉంటుంది, కాని ఏం కొట్టినామో అప్పటిదాకా కనపడదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ ఇంకో దారి పట్టింది. నొక్కిన వెంటనే ఎకో, అక్షరం మాత్రం లోపల వరుసలో భద్రం. బయట కలగాపులగం, లోపల సరిగ్గా ఉంటుంది. మా అవ్వ తెలుగులో కథ చెప్తా ఉంటే మధ్యలో నేను కన్నడలో ఏదో అడుగుతాను. ఆమె కథ ఆపదు, ముగిసినాక నా ప్రశ్నకు జవాబు మాత్రం ఇస్తుంది. అట్లా.

కాగితం మీద పడింది చెరపలేము గదా, అందుకే పాత యూనిక్స్‌లో తప్పు అక్షరం కొట్టేయడానికి హ్యాష్ గుర్తు, లైనంతా కొట్టేయడానికి యాట్ గుర్తు వాడేవాళ్లు. ఇప్పటి ఈమెయిల్ కాలంలో అది తలుచుకుంటే నవ్వొస్తుంది.

నాకు టెనెక్స్ పద్ధతే మర్యాదగా తోస్తుంది. అయినా నిలిచింది యూనిక్స్ దారి, ఈనాటి లినక్స్ దాకా. పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రాములు చాలావరకు ముందే కొట్టిన అక్షరాలను పారేసి అడుగుతాయి. మామూలు కమాండ్లకు ఆ కాపలా లేదు. ప్రోగ్రాము నడుస్తుండగా లైను చెదిరితే, ఎంటర్ నొక్కకముందే కంట్రోల్-ఆర్ నొక్కండి. మీరు కొట్టింది మళ్లీ ఒక లైనులో చూపిస్తుంది. వద్దనుకుంటే కంట్రోల్-యు, లైనంతా పోతుంది. ఆ రోజు నాకు ఈ రెండూ తెలియవు.