మిడతల చుట్టరికాలు

పనిమనిషి రాకపోయినా, గ్యాసు అయిపోయినా "ఏవో ఈతిబాధలు లెండి" అనేస్తాం మనం. ఆ మాటలో మిడతలున్నాయని ఎప్పుడైనా అనుకున్నామా? అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, పక్కనే పొంచి ఉన్న శత్రురాజులు - ఈ ఆరింటికీ కలిపి ఈతులని పేరు పెట్టారు పెద్దలు. మిడతని రాజుగారి సరసన కూర్చోబెట్టారంటే ఏదో చూసే ఉంటారు!

2020 మే నెలాఖరులో లింగాల ఘనపూర్ నుంచి మా చిన్నమ్మ ఫోను చేసింది.

"మిడుతల దండు వస్తుందట గదా బిడ్డా! మన గెట్ల మీద ఎగిరేటియి గూడ గవేనా? రేపు గివి గూడ దండు గట్టి మీద వడ్తయా?"

పత్తి విత్తనాలు తెచ్చి ఇంట్లో పెట్టుకుంది పాపం. మృగశిర కార్తె ఎంతో దూరం లేదు. అప్పటికే దండు రాజస్థాన్, మధ్యప్రదేశ్ దాటి విదర్భలో దిగింది. భూపాలపల్లి మొదలు ఆదిలాబాద్ దాకా సరిహద్దు జిల్లాలన్నీ హడావిడి పడుతున్నాయి. అటు అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్టుకి పట్టిన మిడతల్ని చూసి జనం హడలిపోయారు. అవి వేరే జాతివని అధికారులు సర్ది చెప్పాల్సి వచ్చింది.

నేను చదివిన బి.ఏ.లో మిడతలు లేవు. పుస్తకాలు తిరగేస్తే తెలిసిందేమిటంటే, చిన్నమ్మ అడిగిన ప్రశ్నే నూరేళ్ళ కిందట బోరిస్ ఉవరోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుణ్ణి పీడించింది. ఒంటరిగా తిరిగే మిడతకో పేరు, దండుగా వచ్చేదానికో పేరు పెట్టి, అవి రెండు జాతులనే అనుకునేవారు. రెండూ ఒకటేనని 1921లో ఆయన తేల్చాడు. రంగు వేరు, తీరు వేరు, జాతి ఒకటే. జన్యువుల్లో ఒక్క అక్షరమైనా మారకుండానే ఈ మార్పంతా జరుగుతుంది. ఏ జన్యువు ఎప్పుడు పని చెయ్యాలన్నదే మారుతుంది.

ఎడారి మిడత ఒంటరి ప్రాణి. ఇంకోటి ఎదురైతే తప్పుకుపోతుంది. 2018లో మెకును, లుబాన్ అనే రెండు తుఫానులు అరేబియా ఎడారిలో కురిసి ఇసుకలో చెరువులు కట్టాయి. పచ్చిక మొలిచింది, మిడతలు తామరతంపరగా పెరిగాయి, ఆ తర్వాత పచ్చిక ఎండింది. మిగిలిన కాస్త పచ్చదనం దగ్గర అన్నీ చేరితే వెనక కాళ్ళు ఒకదానికొకటి రాసుకున్నాయి. అంతే! ఆ రాపిడికి ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం పెరిగి, రెండు మూడు గంటల్లోనే ఒంటరి పురుగు గుంపుకోసం వెతుక్కుంటుందని 2009లో ఇంగ్లండు పరిశోధకులు చూపించారు. మన మెదడులోనూ ఉండేది ఆ సెరటోనినే. ఇంట్లో నోరు మెదపని మనిషి పెళ్ళిపందిట్లో ఎందుకలా మారిపోతాడో నాకప్పుడు కొంచెం అర్థమైంది.

మరి జన్యువుల్లో అక్షరాలు అసలే మారవా? మారతాయి, నిదానంగా. తరం తరానికీ రాతని ఎత్తి రాసుకోవాలి కదా, అలా రాసేటప్పుడు తప్పులు పడతాయి. 2014లో చైనావారు వలస మిడత జన్యురాతని చదివితే 650 కోట్ల అక్షరాలు తేలాయి. మనిషికున్నవి 300 కోట్లు! ఇంత రాతలో తప్పు పడక మానదు. అది నలుగురిలో కలిసిపోతుందా, ఒకచోటే పేరుకుంటుందా అన్నది చుట్టరికాల మీద ఉంటుంది. ఎడారి మిడత ఆఫ్రికా పడమటి తీరం నుంచి మన రాజస్థాన్ దాకా గాలి తోలినచోటికి పోతుంది, అక్కడివాటితో వియ్యమందుతుంది. రాకపోకలు సాగినంతకాలం తేడాలు పెద్దగా పేరుకోవు.

అవి తెగితే ఏమవుతుందో కూడా తెలుసు. 1988 అక్టోబరులో ఒక దండు ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ సముద్రం మీదుగా సుమారు 5,000 కిలోమీటర్లు ఎగిరి వెస్టిండీస్ దీవుల్లో దిగింది. అలాంటి ప్రయాణమే 60, 70 లక్షల ఏళ్ళ కిందట ఒకటి జరిగిందనీ, అమెరికా ఖండాల్లో ఇప్పుడున్న ఆ కుటుంబపు మిడతలు, సుమారు 50 జాతులు, అప్పుడు దిగినవాటి సంతానమేననీ జన్యువుల పోలికలు చెబుతున్నాయి. నడుమ అంత సముద్రం. పుట్టింటికి దారి లేదు. తప్పు మీద తప్పు పేరుకుని కొత్త జాతులయ్యాయి.

ఇదంతా చిన్నమ్మకి ఫోనులో చెప్పాను. "నీ గెట్టు మీది మిడత దానికి దూరపు చుట్టం, ఎంత గుంపు కూడినా ఇది అది కాలేదు, ఆ దండు మాత్రం గాలి ఇటు తిరిగితే రావచ్చు" అన్నాను.

"అయితే గా గాలి ఎటు కొడ్తుందో చెప్పు బిడ్డా, సుట్టరికాలు తర్వాత జూస్కుందాం" అంది.

దండు నాగపూర్ పక్కన రాంటెక్ దాకా వచ్చింది గానీ తెలంగాణలోకి రాలేదు. వాన పడగానే చిన్నమ్మ పత్తి గింజలు పెట్టింది.