శ్రేణి చేతులెత్తేసిన చోట భిన్నం

3కి సహజ లాగరిథం కావాలి. పాఠ్యపుస్తకంలోని log(1+x) శ్రేణిలో x బదులు 2 ఉంచి ఒక్కొక్క పదమే కూడుతూ పోతే వచ్చేవి ఇవి: 2, 0, 2.67, −1.33, 5.07. ఎంత ముందుకెళితే అంత చెదిరిపోతుంది. అదే శ్రేణి గుణకాల నుంచి కట్టిన గొలుసు భిన్నాన్ని, అంటే హారంలో మళ్లీ భిన్నం, దాని హారంలో ఇంకో భిన్నం ఉండేదాన్ని, మెట్టు మెట్టుగా లెక్కిస్తే 2, 1, 1.143, 1.091, 1.101 వస్తాయి. అసలు విలువ 1.0986. గణితంలో నన్ను ఇంతగా ఆశ్చర్యపరిచినవి తక్కువ.

ఈ భిన్నాలు ఇటలీలోని బొలోన్యాలో వర్గమూలాల కోసం పుట్టాయి: 1572లో బొంబెల్లి, 1613లో కతాల్ది. 18వ శతాబ్దంలో ఆయిలర్ వీటికి శాస్త్రరూపమిచ్చాడు. టాంజెంట్ భిన్నంతోనే లాంబర్ట్ π కరణీయ సంఖ్య అని నిరూపించాడు. అసలు మలుపు గౌస్‌ది. హైపర్‌జామెట్రిక్ ప్రమేయాలలో (పక్కపక్క పదాల నిష్పత్తి ఒక నియత సూత్రంతో నడిచే శ్రేణులలో) ఇరుగుపొరుగు వాటి నిష్పత్తిని 1812లో ఆయన గొలుసు భిన్నంగా రాశాడు. పై లాగరిథం భిన్నం అందులో ఒక ప్రత్యేక సందర్భమే. శ్రేణి ఒక వృత్తం దాటి పనిచేయదు. ఈ భిన్నం మాత్రం ఒక్క కిరణం మినహా సంకీర్ణ తలమంతటా ప్రమేయాన్ని విస్తరిస్తుంది.

చలరాశులు రెండు మూడయితే? 1880లో అపెల్, 1893లో లారిచెల్లా అలాంటి హైపర్‌జామెట్రిక్ ప్రమేయాలను ముందుకు తెచ్చారు. మూడు చలరాశుల ప్రమేయాలపై మన దేశానికి చెందిన శాంతి శరణ్ 1954లో లక్నో పత్రిక ‘గణిత’లో రాశారు. ఒంటి గొలుసు వీటికి చాలదు.

దారి చూపింది ఉక్రెయిన్ నగరం ల్వీవ్. 1960లలో అక్కడి గణితవేత్త స్కొరొబొహాట్కో బృందం ప్రతి హారంలోనూ ఒకటికి బదులు అనేక భిన్నాల మొత్తాన్ని ఉంచింది. రెండేసి కొమ్మలు వేస్తే అయిదో అంతస్తులోనే 32 భిన్నాలు! మామూలు గొలుసుకు అక్కరకొచ్చే పునరావృత సూత్రం ఇక్కడ సాధారణంగా దొరకదు. అందుకే అభిసరణ, అంటే మెట్లన్నీ ఒకే విలువకు చేరతాయని, నిరూపించడమే అసలు కష్టం. బొద్నార్ 1986 నాటి గ్రంథం ఆ పనికి పునాది. ఈ శతాబ్దంలో ఇవానో-ఫ్రాంకివ్‌స్క్‌లో ద్మిత్రిషిన్, ల్వీవ్‌లో ఆంటోనోవా తదితరులు అపెల్, హార్న్, లారిచెల్లా–శరణ్ పేర్లున్న ప్రమేయాలకు ఈ కొమ్మల భిన్నాన్ని వర్తింపజేశారు. మూలబిందువు దగ్గర భిన్నం శ్రేణితో సరిపోవాలి, దానికంటే పెద్ద ప్రదేశంలో ఏకరీతిగా అభిసరించాలి. ఈ రెండూ తేలితే విస్తరణ దొరికినట్టే.

ఆ ప్రదేశాలు ఎంతవరకు విస్తరిస్తాయన్నది చాలా ప్రమేయాల విషయంలో ఇంకా తేలలేదు. విశ్లేషణ గణితం ఇష్టమున్న మన విద్యార్థులు ఈ వైపు చూడాలి.