తెలుగు సినిమా హుషారు పాట

వేగమైన దరువు, చిన్న పల్లవి, గుంపుగా వేసే స్టెప్పులు ఉన్న పాటను తెలుగు సినిమా పరిభాషలో హుషారు పాట లేదా మాస్ పాట అంటారు. సినిమా మరుగున పడినా ఈ పాటలు పెళ్లి బరాత్‌లలో, వినాయక నిమజ్జనాల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో, విదేశాల్లోని తెలుగు సంఘాల వేడుకల్లో దశాబ్దాల తరబడి మోగుతూనే ఉంటాయి.

మూలాలు

సినిమా రాకముందే తెలుగు పల్లెల్లో జాతర డప్పు, కోలాటం, నాట్ల పాటలు ఉన్నాయి. ఒకరు ఎత్తుకుంటే మిగతావారు వంత పాడటం వీటి పద్ధతి. హైదరాబాద్‌కు మర్ఫా వాద్యం నిజాం కొలువులో చేరిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల ద్వారా వచ్చింది. మర్ఫా బృందాలు వాయించే తీన్మార్ దరువు మతభేదం లేకుండా నగర ఊరేగింపులన్నిటికీ అలవాటైంది.

పల్లె పాటల ఊపును తెరపై గట్టిగా నిలబెట్టిన తొలి పాటల్లో ‘రోజులు మారాయి’ (1955)లోని ఏరువాక పాట ఒకటి. కొసరాజు రచనకు మాస్టర్ వేణు బాణీ కట్టగా జిక్కి పాడారు, వహీదా రెహమాన్ నర్తించారు. ఆ విజయమే ఆమెను దర్శకుడు గురుదత్ దృష్టిలో పడేసి హిందీ తెరకు చేర్చింది. ఆ బాణీ కూడా 1960లో ఎస్.డి. బర్మన్ సంగీతంలో ‘బంబయ్ కా బాబూ’లో వినిపించింది.

క్లబ్బు, డిస్కో, బ్రేక్

1970ల్లో బాంగో, ట్రంపెట్, గిటార్లతో క్లబ్బు పాటలు జోరందుకున్నాయి. ‘ప్రేమ్‌నగర్’ (1971), ‘దేవుడు చేసిన మనుషులు’ (1973) చిత్రాల్లో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన పాటలు నేటికీ ఆర్కెస్ట్రా వేదికలపై వినిపిస్తాయి. ‘సింహాసనం’ (1986)తో బప్పీలహరి తన డిస్కో బాణీలను తెలుగులోకి తెచ్చారు. మరుసటి ఏడు ‘పసివాడి ప్రాణం’లో చిరంజీవి వేసిన బ్రేక్ డాన్స్ ఊరూరా కుర్రాళ్లకు పాఠమైంది.

మళ్లీ జానపదం

2000 తర్వాత సింథసైజర్ పక్కన డప్పు మళ్లీ ముందుకొచ్చింది. దేవిశ్రీ ప్రసాద్ ‘ఆర్య 2’ (2009)కు చేసిన ‘రింగ రింగ’ బాణీ రెండేళ్లకే హిందీ ‘రెడీ’లో చేరింది. ‘అల వైకుంఠపురములో’ (2020) చిత్రానికి తమన్ బాణీ కట్టగా అనురాగ్ కులకర్ణి, మంగ్లీ పాడిన ‘రాములో రాములా’ తెలంగాణ పల్లె యాసను పెళ్లి వేదికలకు ఎక్కించింది.

‘ఆర్ఆర్ఆర్’ (2022)లోని ‘నాటు నాటు’ ఈ పరంపరలో శిఖరం. కీరవాణి సంగీతం, చంద్రబోస్ సాహిత్యం, ప్రేమ్ రక్షిత్ నృత్యం, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గాత్రం. చిత్రీకరణ 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని అధ్యక్ష భవనం ముంగిట జరిగింది. 2023 మార్చిలో ఇది ఉత్తమ ఒరిజినల్ పాటగా ఆస్కార్ గెలుచుకుంది. భారతీయ చిత్రంలోని పాటకు ఆ పురస్కారం దక్కడం అదే మొదటిసారి.

ఆదరణకు కారణాలు

ఈ పాటకు శిక్షణ అక్కర్లేదు. దరువు పాదానికి ముందే పరిచయం. ‘నాటు నాటు’లోని ఆరు మాత్రల నడక జాతరలో పెరిగిన వారెవరికైనా తెలిసిందే. పల్లవి పొట్టిది కాబట్టి మొదటిసారి విన్నవారూ రెండో చుట్టుకే గొంతు కలుపుతారు. తాతకూ మనవరాలికీ ఒకే స్టెప్పు సరిపోతుంది. వాద్యాలు కాలానికో తీరుగా మారినా, పదిమందిని ఒక వరుసలో నిలబెట్టే ఈ గుణం మారలేదు. క్లబ్బు పాటైనా డిస్కో అయినా పెళ్లి పందిట్లోకి వచ్చి నిలిచింది ఈ గుణం వల్లే.

ఈ దరువును తరతరాలుగా కాపాడినవారు ఊరి డప్పు కళాకారులు. వారిలో ఎక్కువమంది దళితులు. చావుకూ జాతరకూ డప్పు కొట్టిన ఆ చేతులను ఊరు చాలాకాలం అంటరానివిగానే చూసింది. తెరపై పేర్లు పడకపోయినా హుషారు పాట చరిత్రలో మొదటి స్థానం వారిదే.